లోతున దాగిన యాక్టివ్ సైట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎంజైమ్‌ల కంప్యూటర్ నమూనాల మీద ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే ఎంజైమ్ చుట్టూ తిరిగాయి: నాడీ సంకేతాన్ని ఆపే ఎసిటైల్‌కోలినెస్టరేజ్. అల్జీమర్స్ మందుకూ, పురుగుమందుకూ గురి అదే కాబట్టి ఫార్మసీ కాలేజీల ప్రాజెక్టుల్లో దానికి అంత గిరాకీ. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: యాక్టివ్ సైట్ (చర్య జరిగే చోటు) ఎంజైమ్ పైభాగాన ఉంటే సబ్‌స్ట్రేట్ (చర్యలో మారే అణువు) తేలిగ్గా అందుతుంది కదా. కొన్నిటిలో అంత లోపల ఎందుకుంటుంది?
(ఇంటర్ బైపీసీ విద్యార్థి, కాకినాడ)

జవాబు: అందడం తేలికే, కానీ అందినంత మాత్రాన చర్య జరగదు. చాలా చర్యలకు బయటి నీళ్లు అడ్డు. కాలేయంలో మందులను విరిచే సైటోక్రోమ్ పీ450లనే చూడండి. హీమ్ ఇనుము దగ్గరికి నీరు మోతాదు మించి వస్తే, తీసుకున్న ఆక్సిజన్ మందును మార్చడానికి బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా వృథా అవుతుంది. ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌కి నీరు కావాలి, అదీ సరైన చోట నిలిచిన ఒక్క అణువు. లోపలి గదిలో ఆ అదుపు సాధ్యం. ఎవరిని లోపలికి రానివ్వాలో దారి వెడల్పే తేలుస్తుంది.

టార్పిడో అనే విద్యుత్ చేప నుంచి తీసిన ఈ ఎంజైమ్ నిర్మాణం 1991లో బయటపడింది. వైజ్‌మాన్ ఇన్‌స్టిట్యూట్‌లో జోయెల్ సస్‌మాన్, ఇజ్రాయెల్ సిల్మన్ బృందం చేసిన పని అది. యాక్టివ్ సైట్ దాదాపు 20 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) లోతున్న ఇరుకు లోయ అడుగున కనబడింది. లోయ గోడలకు 14 ఆరోమాటిక్ అమైనో ఆమ్లాలు. ఇంత ఇరుకు దారి ఉన్న ఎంజైమ్ నత్తనడక నడవాలి, కానీ ఇది అత్యంత వేగవంతమైన ఎంజైమ్‌లలో ఒకటి. ప్రొటీన్ మొత్తం మీద చార్జీలు పరుచుకున్న తీరు వల్ల లోయ వెంట బలమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. అది ధనావేశం ఉన్న ఎసిటైల్‌కోలిన్‌ని లోపలికి లాగుతుంది. క్రిస్టల్ నిర్మాణంలో లోయ మెడ సబ్‌స్ట్రేట్ తల కన్నా ఇరుకుగా ఉంటుందన్నది ఇంకా ఆసక్తికరం. గోడలు ఊపిరి తీసినట్టు కదులుతుంటేనే ప్రవేశం. నిశ్చలంగా ఉన్న ఒక్క ఫైలు చూసి దారి మూసుకుపోయిందని చెప్పకూడదన్నది ఇందుకే.

ప్రశ్న: 4ఈవై7 ఫైల్లోని (మానవ ఎసిటైల్‌కోలినెస్టరేజ్ క్రిస్టల్ నిర్మాణం) అల్జీమర్స్ మందు డోనెపెజిల్‌ని తీసేసి మళ్లీ ఆటోడాక్ వినా సాఫ్ట్‌వేర్‌తో డాక్ చేస్తే, అంటే మందు ఎలా ఇముడుతుందో ఊహింపజేస్తే, స్కోరు బాగానే వస్తోంది, ఆర్‌ఎంఎస్‌డీ (క్రిస్టల్‌లోని చోటుకు సగటు దూరం) మాత్రం 5 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటుతోంది. ఏది నమ్మాలి?
(ఎం.ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు)

జవాబు: ఆర్‌ఎంఎస్‌డీని నమ్మండి. 2 లోపు రానంతవరకూ ఆ సెట్టింగులతో కొత్త అణువులు ఒక్కటీ డాక్ చేయకండి.

ముందు మీ పోజ్‌ని (వినా చూపిన మందు భంగిమను) తెరమీద పెట్టి ఎటు తిరిగి ఉందో చూడండి. డోనెపెజిల్‌కి ఒక చివర బెంజైల్ వలయం, రెండో చివర మెథాక్సీ గుంపులున్న ఇండనోన్. లోయకు కూడా రెండు చివర్లా ట్రిప్టోఫాన్‌లే, అడుగున 86, పైన ముఖద్వారం దగ్గర 286. క్రిస్టల్‌లో బెంజైల్ కింద 86 మీద, ఇండనోన్ పైన 286 మీద పేర్చినట్టుంటాయి. వినా దాన్ని తలకిందులు చేసినా స్కోరు పెద్దగా పడిపోదు, ఎందుకంటే రెండు వైపులా ఆరోమాటిక్ గోడలే. 5 దాటిన ఆర్‌ఎంఎస్‌డీల్లో ఎక్కువ భాగం ఈ తలకిందుల కేసులే.

సరిచేయాల్సినవి వరుసగా చూద్దాం. 4ఈవై7లో ఎ, బి అని రెండు చెయిన్లుంటాయి, ఒకటి చాలు. మందు పేరు ఫైల్లో ఈ20 అని ఉంటుంది. చక్కెర అణువులు తీసేయండి. 260 పరిసరాల్లో ఒక లూప్ కనబడదు, అది లోయకు దూరం, డాకింగ్‌కి అడ్డు కాదు. కానీ నీళ్లన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచేయకండి. డోనెపెజిల్ కెటలిటిక్ ట్రయాడ్‌ని (చర్య జరిపే సెరీన్ 203, గ్లుటమేట్ 334, హిస్టిడిన్ 447) నేరుగా తాకదు, మధ్యలో నీటి అణువులే వారధి. లోయ లోపల ప్రొటీన్‌తో రెండు మూడు హైడ్రోజన్ బంధాలున్న నీళ్లు ఉంచి ఒకసారి, అవీ తీసి ఒకసారి చేసి రెండూ పోల్చండి.

లిగాండ్ (ఎంజైమ్‌లో కూర్చునే అణువు, ఇక్కడ మందు) విషయంలో మూడు జాగ్రత్తలు. డోనెపెజిల్ మందుల షాపులో రేసిమిక్ మిశ్రమంగా (అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలూ కలిసి) దొరుకుతుంది, మీ ఫైల్లో మాత్రం క్రిస్టల్‌లో ఉన్న రూపమే ఉండాలి. స్టీరియో గుర్తులు లేని స్మైల్స్ (అణువును అక్షరాల్లో రాసే పద్ధతి) నుంచి అణువు కట్టుకుంటే సాఫ్ట్‌వేర్ తన ఇష్టం వచ్చిన రూపాన్ని ఇస్తుంది. రెండోది, పిపెరిడిన్ నత్రజని శరీర పీహెచ్ దగ్గర ప్రోటాన్ పట్టుకుని ఉంటుంది, దాన్ని పెట్టండి. మూడోది చాలామంది పట్టించుకోనిది: వినా గొలుసు బంధాలను తిప్పుతుంది గానీ వలయం ఆకారాన్ని మార్చదు. పిపెరిడిన్ మీరిచ్చిన ఫైల్లో పడవ ఆకారంలో ఉంటే చివరిదాకా పడవే. కుర్చీ ఆకారంలో, రెండు పక్క గుంపులూ బయటికి చాచి ఉన్నాయో లేదో డాకింగ్‌కి ముందే చూసుకోవాలి.

వినా వెతికే బాక్స్‌కి కేంద్రం ఈ20 మధ్యబిందువు, పొడవు ఒక్కో వైపు 24 ఆంగ్‌స్ట్రామ్‌లు. ట్రిప్టోఫాన్ 86, 286 రెండూ లోపల పడ్డాయో చూడండి. సెరీన్ 203 మీద కేంద్రం పెట్టి 15 ఆంగ్‌స్ట్రామ్‌ల బాక్స్ గీసేవాళ్లున్నారు. పైచివర కోసుకుపోయి మందు అడుగున ముడుచుకుని కూర్చుంటుంది. అలాగని ప్రొటీన్ మొత్తాన్నీ బాక్స్‌లో పెట్టకండి, 27,000 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే వినాయే హెచ్చరిక ఇస్తుంది. ఎగ్జాస్టివ్‌నెస్ (ఎంత గట్టిగా వెతకాలన్న అంకె) డిఫాల్ట్ 8, ఇంత ఇరుకు చోటుకి 32 పెట్టండి. వేర్వేరు సీడ్‌లతో (వెతుకులాట మొదలయ్యే యాదృచ్ఛిక సంఖ్యలతో) మళ్లీ మళ్లీ చేసి అదే పోజ్ వస్తోందా చూడండి.

ఆర్‌ఎంఎస్‌డీ లెక్కించేటప్పుడు మందును మందు మీద సూపర్‌పోజ్ చేసే కమాండ్ వాడితే లోయ పై నుంచి కిందికి జారిపోయిన పోజ్‌కి కూడా చక్కటి అంకె వస్తుంది. ఉన్నచోటే కొలవాలి. పైమోల్‌లో అయితే ఆర్‌ఎంఎస్_కర్, ఓపెన్‌బేబెల్‌లో ఓబీఆర్‌ఎంఎస్. రెండోది బెంజైల్ వలయం సగం తిరగడం లాంటి సౌష్ఠవాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

స్కోరు గురించి ఒక మాట. వినా మీరిచ్చిన పాక్షిక చార్జీలను వాడదు. ధనావేశపు నత్రజనికీ ఆరోమాటిక్ వలయానికీ మధ్య ఉండే కేటయాన్-పై ఆకర్షణకు దాని సూత్రంలో పదమే లేదు. ఈ లోయలో అసలు బలం అదే! సహజ సబ్‌స్ట్రేట్ ఎసిటైల్‌కోలిన్‌కి వినా పేలవమైన స్కోరిస్తుందని కంగారుపడి రాసిన పాఠకులకూ ఇదే జవాబు. అది చిన్న అణువు, దాని చార్జీ లెక్కకు రాలేదు. రెండు మందుల మధ్య 0.3 తేడా చూపి ఒకటి మెరుగని థీసిస్‌లో రాయడం మానేయండి, వినా సహజ దోషం దానికి ఎన్నో రెట్లు.

4ఈవై7లో బాగా వచ్చిన పద్ధతి పెద్ద అణువులకు 4ఈవై4లో విఫలమైతే ఆశ్చర్యపోకండి. అది మందు లేని నిర్మాణం. టైరోసిన్ 337 పక్కగొలుసు ఎటు వాలి ఉందన్నదాన్ని బట్టి మెడ తెరుచుకుంటుంది. 4ఈవై5లో హ్యూపర్జిన్ ఎ, 4ఈవై6లో గాలంటమైన్ ఉన్నాయి. ఈ నాలుగిటిలోనూ డాక్ చేసి చూడడం ఒక్కదాంట్లో నాలుగుసార్లు చేయడం కన్నా మేలు.

ప్రశ్న: ప్రొటీన్ ఆకారాలను ఊహించే ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ నుంచి మానవ ఎసిటైల్‌కోలినెస్టరేజ్ దించుకున్నాను. 203 దగ్గర సెరీన్ లేదు. మోడల్ తప్పా?
(బీటెక్ బయోటెక్నాలజీ, హైదరాబాద్)

జవాబు: మోడల్ సరైనదే, నంబర్లు వేరు. ఆల్ఫాఫోల్డ్ యూనిప్రాట్ (ప్రొటీన్ల డేటాబేస్) వరుసను అనుసరిస్తుంది. అక్కడ ఈ ఎంజైమ్ ఎంట్రీ పీ22303లో మొదటి 31 అమైనో ఆమ్లాలు సిగ్నల్ పెప్టైడ్, కణం బయటికి పంపేటప్పుడు తెగిపోయేవి. పత్రికల్లో రాసే నంబర్లు అవి తెగాక లెక్కపెట్టినవి. కాబట్టి 31 కలపండి. ట్రయాడ్ 203, 334, 447 అన్నవి 234, 365, 478 అవుతాయి. ట్రిప్టోఫాన్ 86 అన్నది 117. టార్పిడో మీద రాసిన పాత వ్యాసాలు చదివేటప్పుడు మూడో లెక్క: అక్కడ సెరీన్ 200, గ్లుటమేట్ 327, హిస్టిడిన్ 440, ట్రిప్టోఫాన్ 84, 279. మనిషిలో టైరోసిన్ 337 ఉన్నచోట టార్పిడోలో ఫినైల్అలనిన్ 330. మూడు వరుసలూ ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి.

పనిలో పనిగా సిగ్నల్ భాగాన్నీ, చివరి తోకనూ కత్తిరించండి. రంగుల్లో నారింజ, పసుపు కనబడేవి నమ్మకం తక్కువ ఉన్నవి: నమ్మకాన్ని చెప్పే అంకె పీఎల్‌డీడీటీ 50 లోపు నారింజ, 50 నుంచి 70 పసుపు. అవి లోయ ముఖం మీద వాలి ఉంటే దారి మూసుకున్నట్టు కనబడుతుంది. ఈ ఎంజైమ్‌కి మంచి క్రిస్టల్ నిర్మాణాలుండగా ఆల్ఫాఫోల్డ్ ఎందుకు ఎంచుకున్నారో మాత్రం అర్థం కాలేదు.

ప్రశ్న: పత్తికి కొట్టే మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్‌లను డాక్ చేశాం. రెండిటి స్కోర్లూ డోనెపెజిల్ కన్నా బాగా పేలవం. మరి అవి అంత విషం ఎలా అయ్యాయి?
(ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు, వరంగల్)

జవాబు: ఇక్కడ రెండు పొరపాట్లున్నాయి, మొదటిది రసాయనం.

క్లోర్‌పైరిఫాస్‌లో భాస్వరానికి గంధకం రెండు బంధాలతో అతుక్కుని ఉంటుంది. ఆ రూపంలో అది ఈ ఎంజైమ్‌ని పెద్దగా అడ్డుకోలేదు. కాలేయంలోని పీ450లు గంధకం స్థానంలో ఆక్సిజన్‌ని పెట్టి క్లోర్‌పైరిఫాస్-ఆక్సాన్ చేశాకే అసలు విషం. మీరు డాక్ చేయాల్సింది ఆక్సాన్‌ని. మోనోక్రోటోఫాస్‌లో మొదటినుంచీ ఆక్సిజనే ఉంది కాబట్టి దాన్ని అలాగే తీసుకోవచ్చు. దానిలోని కార్బన్ల ద్విబంధం దగ్గర ఈ-రూపం ఉందో లేదో మాత్రం ఫైల్లో చూసుకోండి.

రెండోది స్కోరుకు సంబంధించింది. డోనెపెజిల్ లోయలో ఇరుక్కుని కూర్చుంటుంది, మళ్లీ బయటికి పోగలదు. ఈ పురుగుమందుల్లాంటి ఆర్గానోఫాస్ఫేట్ అలా కాదు. సెరీన్ 203 ఆక్సిజన్ భాస్వరం మీద దాడి చేసి కోవలెంట్ బంధం కట్టుకుంటుంది, అవతలి గుంపు ఊడిపోతుంది. అంటే విషం ఎంత బలమైందన్నది ఆ చర్య వేగం మీద ఆధారపడుతుంది. వినా కొలిచేది చర్యకు ముందు ఆనుకున్న గట్టిదనాన్ని.

అయినా మీ డాకింగ్ వృథా కాదు. స్కోరుకు బదులు దూరాలు కొలవండి. భాస్వరం నుంచి సెరీన్ 203 పక్కగొలుసు ఆక్సిజన్‌కి 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉందా? భాస్వరం మీది ఆక్సిజన్ గ్లైసిన్ 121, గ్లైసిన్ 122, అలనిన్ 204 వెన్నెముక నత్రజనుల మధ్యకు చేరిందా? ఆ చోటునే ఆక్సియానయాన్ హోల్ అంటారు. ఊడిపోయే గుంపు సెరీన్‌కి సరిగ్గా ఎదురు దిశలో ఉందా? మూడూ కుదిరిన పోజ్ తొమ్మిదో స్థానంలో ఉన్నా సరే, మొదటి స్థానంలోని అందమైన పోజ్ కన్నా అదే విలువైనది.

ఇంకా ముందుకెళ్లాలంటే కోవలెంట్ డాకింగ్, ఆ తరువాత క్యూఎం/ఎంఎం (చర్య జరిగే చోటుకు క్వాంటం లెక్క, మిగతా ప్రొటీన్‌కి మామూలు లెక్క). క్వాంటం భాగంలో సెరీన్, హిస్టిడిన్, గ్లుటమేట్ పక్కగొలుసులూ పురుగుమందు అణువూ ఉండాలి. సరిహద్దును ఆల్ఫా, బీటా కార్బన్ల మధ్య కోయండి, పెప్టైడ్ బంధాన్ని ఎప్పుడూ కోయకూడదు.

ఎంజైమ్‌కి ఒకసారి భాస్వరం అంటుకున్నాక ఏమవుతుందన్నది కూడా ప్రాజెక్టులో రాయదగ్గది. కొంతసేపటికి దాని మీది ఆల్కైల్ గుంపొకటి ఊడుతుంది, దీన్ని ఏజింగ్ అంటారు. అది జరిగాక ప్రాలిడాక్సిమ్ లాంటి ఆక్సిమ్ విరుగుడు ఆ బంధాన్ని విడదీయలేదు. మోనోక్రోటోఫాస్ వదిలే డైమిథైల్ రకానికి మానవ ఎంజైమ్‌లో ఏజింగ్ అర్ధాయువు సుమారు 3.7 గంటలు, క్లోర్‌పైరిఫాస్ వదిలే డైఇథైల్ రకానికి సుమారు 33 గంటలు. పురుగుమందు ఒంటిమీద పడినా, లోపలికి పోయినా ఆసుపత్రికి వెళ్లడంలో గంటలు లెక్కకొచ్చేది ఇందుకు కూడా.

ప్రశ్న: సీవైపీ3ఎ4 అనే పీ450 ఎంజైమ్ ఆల్ఫాఫోల్డ్ మోడల్‌లో మధ్యలో ఖాళీ గది ఉంది. హీమ్ ఎక్కడ? అలాగే డాక్ చేయవచ్చా?
(ఫార్మకాలజీ పరిశోధక విద్యార్థి, తిరుపతి)

జవాబు: చేయకూడదు. ఆల్ఫాఫోల్డ్ 2కి ప్రొటీన్ అణువులే తెలుసు. హీమ్ ఉన్న నిర్మాణాల నుంచి నేర్చుకుంది కాబట్టి గోడలను సరిగ్గానే నిలబెడుతుంది, హీమ్‌ని మాత్రం రాయదు. ఆ ఖాళీలో డాక్ చేస్తే మందు హీమ్ కూర్చోవాల్సిన చోటే కూర్చుంటుంది, స్కోరు కూడా గొప్పగా ఉంటుంది.

ఇదే ఎంజైమ్ క్రిస్టల్ నిర్మాణం 1టీక్యూఎన్‌ని మోడల్ మీద సూపర్‌పోజ్ చేసి హీమ్‌ని అందులోంచి తెచ్చుకోండి. ఇనుము నుంచి సిస్టీన్ 442 గంధకానికి దూరం 2.3 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉండాలి. 3 దాటితే సిస్టీన్ పక్కగొలుసు తప్పు దిక్కున ఉంది. హోమోలాగ్‌ల (పోలిక ఉన్న ప్రొటీన్ల) నుంచి హీమ్ లాంటి కోఫ్యాక్టర్‌లను తెచ్చిపెట్టే ఆల్ఫాఫిల్ ఉంది. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3 లిగాండ్‌లను తనే పెట్టగలదు. ఏ దారిన తెచ్చినా ఆ దూరం కొలవడం మీ పనే.

కీటోకొనజోల్ లాంటి అజోల్ మందుల నత్రజని నేరుగా ఇనుముకే కట్టుకుంటుంది. వినాకి ఆ బంధం అంటే ఏమిటో తెలియదు, కాబట్టి అజోల్ వలయం పక్కకు పోయిన పోజ్‌లే ఎక్కువ వస్తాయి. ఇంకో చిక్కు, ఈ ఎంజైమ్ గది సాగుతుంది. 2వీ0ఎం ఫైల్లో ఒకే గదిలో రెండు కీటోకొనజోల్ అణువులున్నాయి. ఇరుకైన 1టీక్యూఎన్‌లో ఆ పోజ్ తిరిగి రాబట్టాలని ప్రయత్నిస్తే టైమ్ వేస్ట్.

ప్రశ్న: కేవర్ సాఫ్ట్‌వేర్‌తో ఎంజైమ్ లోపలికి వెళ్లే సొరంగాలు వెతికితే నలభైకి పైగా వస్తున్నాయి. ఏది అసలు? దారిని వెడల్పు చేసే మ్యుటేషన్ పెడితే ఎంజైమ్ వేగం పెరుగుతుందా?
(పీహెచ్‌డీ విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: నలభై రావడానికి కారణం ప్రోబ్ రేడియస్ (దారిని కొలిచే ఊహా గోళం వ్యాసార్ధం) 0.9 ఆంగ్‌స్ట్రామ్‌లు. నీటి అణువుకే 1.4 కావాలి. అలాగని ఒకే క్రిస్టల్ మీద 1.4 పెడితే ఒక్కటీ రాకపోవచ్చు, తాత్కాలికంగా మూసుకున్న దారులన్నీ మాయమవుతాయి. 0.9తోనే ఉంచి, 100 నానోసెకన్ల ఎండీ (అణువుల కదలికల సిమ్యులేషన్) నుంచి 100 పికోసెకన్లకొకటి చొప్పున 1000 ఫ్రేములు తీయండి. ముందుగా అన్నిటినీ ఒకదాని మీదొకటి అలైన్ చేయండి. ఏ సొరంగం ఎన్ని ఫ్రేముల్లో 1.4 దాటి తెరుచుకుందో చూస్తే అసలు దారులు ఒకటి రెండే మిగులుతాయి. ప్రారంభ బిందువు అమైనో ఆమ్లం లోపల పడితే కేవర్ దాన్ని పక్క ఖాళీలోకి జరుపుతుంది, ఆ ఖాళీ మీ యాక్టివ్ సైటే కానక్కర్లేదు. లాగ్ ఫైల్లో చూసుకోండి. క్రిస్టల్‌లో ఉన్న లిగాండ్‌ని లెక్కలోంచి తీయడం మరవకండి, లేకపోతే సొరంగానికి అదే బిరడా.

రెండో ప్రశ్నకు జవాబు: పెరగాలనేం లేదు, కొన్నిసార్లు తలకిందులు. కేవర్‌ని తయారుచేసిన చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో బృందమే 2009లో డీహెచ్‌ఎఎ అనే హాలోఆల్కేన్ డీహాలోజనేజ్ మీద చూపించింది. గురి 1,2,3-ట్రైక్లోరోప్రొపేన్, భూగర్భ జలాల్లో చేరి పోనంటే పోని కాలుష్యం. దాన్ని ఈ ఎంజైమ్ చాలా నెమ్మదిగా విరుస్తుంది. ఉత్పత్తి బయటికి పోయే దారులను సిమ్యులేషన్‌తో గుర్తించి, వాటి గోడల మీది అమైనో ఆమ్లాలను మార్చారు. గెలిచిన డీహెచ్‌ఎఎ31లో 135 దగ్గర ఫినైల్అలనిన్, 176 దగ్గర టైరోసిన్, 245 దగ్గర మళ్లీ ఫినైల్అలనిన్, అన్నీ బండ గుంపులే. దారి ఇరుకైంది, యాక్టివ్ సైట్‌లోకి నీటి రాక తగ్గింది, ఆస్పార్టేట్ హాలోజన్ కార్బన్ మీద దాడి చేసే మొదటి మెట్టుకు సబ్‌స్ట్రేట్ సరైన భంగిమలో నిలిచింది. వేగం 32 రెట్లు, సామర్థ్యం 26 రెట్లు పెరిగాయి.

మీ ఎంజైమ్‌లో వేగాన్ని ఆపుతున్న మెట్టు ఏదో ముందు తేల్చుకోండి. ఉత్పత్తి బయటికి రాలేక ఆలస్యమవుతుంటే వెడల్పు చేయడం పనికొస్తుంది. రసాయన మెట్టే నెమ్మదైతే వెడల్పు చేసి నీటిని ఆహ్వానించినట్టే అవుతుంది.

ప్రశ్న: లోయలోంచి మందు బయటికి రావడం ఎండీలో చూడాలి. గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంది. ఎన్ని నానోసెకన్లు నడపాలి?
(పాఠకుడు, డల్లాస్)

జవాబు: లోయ మెడ కదలిక చూడడానికి పదుల నానోసెకన్లు చాలు, వేర్వేరు ప్రారంభ వేగాలతో మూడుసార్లు నడపండి. డోనెపెజిల్ తనంతట తాను బయటికి రావడం మాత్రం ఏ ల్యాప్‌టాప్ మీదా చూడలేరు. స్టీర్డ్ ఎండీతో, అంటే బయటి నుంచి బలం పెట్టి లాగాలి. ఎండీ సాఫ్ట్‌వేర్ గ్రోమాక్స్ పాఠాల్లో ఉండే 0.01 నానోమీటర్/పికోసెకన్ రేటుతో లాగితే 20 ఆంగ్‌స్ట్రామ్‌ల లోయ 200 పికోసెకన్లలో దాటేస్తుంది. గోడలు సర్దుకునే వ్యవధి ఉండదు, మీకు కనబడే బలం గోడలు చీల్చిన బలం. పదోవంతు రేటుతో లాగి, పదిసార్లు చేయండి.

మొదలుపెట్టే ముందు హిస్టిడిన్ 447ని చూసుకోండి. ప్రోటాన్ గ్లుటమేట్ 334 వైపున్న డెల్టా నత్రజని మీద ఉండాలి, సెరీన్ వైపున్న ఎప్సిలాన్ ఖాళీగా ఉండాలి. ఇంకో ఎండీ సాఫ్ట్‌వేర్ ఆంబర్‌లోని టీలీప్ మాత్రం హెచ్‌ఐఎస్ అని రాసినవాటన్నిటినీ హెచ్‌ఐఈగా, అంటే ఎప్సిలాన్ మీద ప్రోటాన్‌తో తీసుకుంటుంది. ట్రయాడ్ అప్పుడే చెదిరిపోతుంది, కొన్ని నానోసెకన్లకు సెరీన్ పక్కకు తిరిగి ఉండటం కనబడుతుంది. ఫైల్లో 447ని హెచ్‌ఐడీ అని మార్చండి. గ్రోమాక్స్‌లో అయితే పీడీబీ2జీఎంఎక్స్‌కి హిస్ ఆప్షన్ ఇచ్చి చేత్తో ఎంచుకోండి.

లోయలోని క్రిస్టల్ నీళ్లను తీసేసి సాల్వేట్ కమాండే నింపుతుందిలే అని వదిలేయకండి. అది దూరాలు చూసి నీళ్లు పెడుతుంది గానీ అక్కడ నిజంగా నీరుండాలా వద్దా అని చూడదు. 100 పికోసెకన్ల ఈక్విలిబ్రేషన్‌లో లోపలి నీరు బయటికి రాదు, బయటిది లోపలికి పోదు.